రెండు నిమిషాల ముప్పై ఆరు సెకన్లు

2007వ సంవత్సరం నాటికి పటాన్‌చెరులో రహదారి పక్కన, ఒక టైర్ల దుకాణం పై అంతస్తులో ఉన్న నా వీడియో గదికి పద్దెనిమిదేళ్లు నిండాయి. అందులో మొదటి పదిహేనేళ్లు పెళ్లి వీడియోలే నాకు ఆధారం. ఆ తర్వాత చుట్టుపక్కల ఫ్యాక్టరీలు భద్రతా కెమెరాలు బిగించుకోవడం మొదలుపెట్టాయి. వాటి వెనుకే ఒక కొత్త రకం పని నా మెట్లెక్కి వచ్చింది.

ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి. భద్రతా కెమెరాలు తీసిన దృశ్యాలన్నీ డీవీఆర్ అనే పెట్టెలోకి చేరతాయి. ఒక్కో తయారీదారు పెట్టె తనదైన ఒక్కో పద్ధతిలో ఫైలు రాస్తుంది. ఆ పెట్టెతోపాటు ఇచ్చిన సాఫ్ట్‌వేరులో తప్ప ఆ ఫైలు మరెక్కడా తెరుచుకోదు. సాఫ్ట్‌వేర్ సీడీని ఏ ఫ్యాక్టరీలోనూ ఎవరూ దాచరు. కెమెరాలు బిగించి వెళ్లిన మనిషి ఫోను ఎత్తడు. అప్పుడు ఆ ఫైలును పట్టుకొని నా దగ్గరకు వచ్చేవారు. నేను దాన్ని విప్పి, ఇంట్లో టీవీ కింద ఉండే మామూలు ప్లేయరులో ఆడే సీడీగా మార్చి ఇచ్చేవాడిని. ఆ ఏడాది నా డైరీ ప్రకారం అలాంటి పనులు పదకొండు. నేను చెప్పబోయేది ఏడోది.

జులై 26, గురువారం, ఉదయం పదిన్నర. గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారం పర్సనెల్ మేనేజరు స్వయంగా వచ్చారు. నలభై ఏళ్ల మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో ఒక సీడీ.

“మూడు కంప్యూటర్లలో చూశామండి, ఓపెన్ కావడం లేదు. మొన్న మంగళవారం మా షెడ్డులో ఫైర్ అయింది. ఎన్‌క్వయిరీకి ఇది కావాలి.”

“ఎవరికైనా ఏమైనా అయిందా?” అని అడిగాను.

“ఒకడికి రెండు చేతులూ కాలాయి. బతుకుతాడు లెండి. ఆపరేటరు నిర్లక్ష్యం అని మాకు తెలుసు. కాగితం మీద రుజువు ఉండాలి కదా.”

ఆ ఫైలు పేరు చివరి అక్షరాలు నేనెన్నడూ చూడనివి. ఫైలులోని అంకెలను నేరుగా చూపించే ఒక చిన్న సాఫ్ట్‌వేరుతో తెరిచి చూస్తే, పైన కొంత మేర తయారీదారు సొంత గుర్తులు, ఆ కింద నాకు పరిచయమైన వీడియో అమరికే కనిపించింది. పై భాగాన్ని కోసేసి, మిగిలిన దాన్ని మార్పిడి సాఫ్ట్‌వేరుకు ఇచ్చాను. బొమ్మ వచ్చింది. తెర మీద షెడ్డు, డ్రమ్ములు, ఇద్దరు మనుషులు కదిలారు. నాకు కలిగిన సంతోషం తాళంచెవి లేని తాళాన్ని తెరిచినవాడి సంతోషం. పన్నెండుంబావుకల్లా సీడీ తయారైంది. మేనేజరు నిలబడే ఒకసారి చూశారు.

“చూశారా, ఎలా ఉరుకుతున్నాడో!” అన్నారు. “వీళ్లకి నిదానం అనేది లేదండి.”

నేను కూడా చూశాను. అవును, ఆ మనిషి తొందరగానే నడుస్తున్నాడు. డైరీలో ఆ రోజు కింద “ఏడవ ఫైలు, విజయవంతం” అని రాసుకున్నాను.

సెప్టెంబరు 3, సోమవారం. ఉదయం తొమ్మిదింటికి గది తలుపు తెరిచేసరికి మెట్ల మీద ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. ముప్పై ఐదేళ్లు ఉంటాయి. ఉతికిన చొక్కా, చెప్పులు విడిచి పక్కన పెట్టుకున్నాడు.

“సార్, నా పేరు యాదయ్య. మాది చిట్కుల్. గడ్డపోతారం కంపెనీ వీడియో మీరే జేసిన్రంట గదా. జెర గా సీడీ నాకు గూడ ఒకటి ఇయ్యుండ్రి.”

లోపలికి రమ్మన్నాను. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

“మీరు ఆ వీడియోలో ఉన్నారా?”

“అండ్ల ఉన్నది నేనే సార్. కాలింది నా బామ్మర్ది, మల్లేశు. డ్రమ్ము కాడ పైపు వట్టుకున్నడు. వాల్వు దెరిసింది నేను.”

ఆ పని క్రమం అతను చెప్పగా నాకు అర్థమైనది ఇది. టోలుయిన్ అనే ద్రావకాన్ని ట్యాంకులో తిప్పి, తర్వాత డ్రమ్ముల్లోకి దించాలి. తిరిగే ద్రావకంలో కంటికి కనపడని విద్యుత్తు పేరుకుంటుంది. అందుకని పంపు ఆపి, డ్రమ్ముకు ఎర్తింగ్ క్లాంపు, అంటే ఆ విద్యుత్తును నేలలోకి పంపే తీగ కొక్కెం, తగిలించి, సరిగ్గా ఐదు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే వాల్వు తెరవాలి. ముందే తెరిస్తే నిప్పురవ్వ పుట్టవచ్చు. జులై 24న పుట్టింది.

“సీడీల రెండున్నర నిమిషాలే ఆగిన్నంట. పెద్ద సార్లందరు టీవీల వెట్టి జూపిచ్చిన్రు. గడియారం వట్టి లెక్కవెట్టిన్రు, రెండు నిమిషాల ముప్పై ఆరు సెకన్లు. ఇగ ఏం జెప్త? ‘తప్పు నాదే, ముందే దెరిసిన’ అని రాసిన్రు, సంతకం వెట్టిన. నౌకరీకెల్లి తీసేసిన్రు. నౌకరి వోతే పోనీయి సార్. నా పెండ్లాం నాతోని మాట్లాడుతలేదు. తమ్ముని చేతులు జూసొచ్చి, నా దిక్కు జూస్తలేదు.”

“మరి ఆ సీడీ మళ్లీ ఎందుకు?”

“నేను ఐదు నిమిషాలు ఆగిన్ననే నా పానం జెప్తది. సీడీల జూస్తే ఆగలే. సీడీ అబద్ధం జెప్పదు గదా! అంటే నేనే యాడనో లెక్క దప్పిన. యాడ దప్పిన్నో సూస్కోవాలె. తెల్వకుంటె నిద్ర వడ్తలేదు.”

“లెక్క ఎలా పెడతారు? లోపల గడియారం ఉంటుందా?”

“గడియారం, ఫోను, బెల్టు, అన్ని గేటు కాడనే గుంజుకుంటరు. నిప్పు భయం. మోటర్ల మోతల నోటితోని లెక్కవెడితే మనకే వినవడది. మా పాత ఆపరేటరు నేర్పిండు, చెయ్యితోని లెక్కవెట్టాలని. గిట్ల.” కుడి అరచేతితో తొడ మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. “అరవై కాంగనే ఎడమ చేతిల ఒక వేలు మూస్త. ఐదు వేళ్లు మూస్తే ఐదు నిమిషాలు. పన్నెండేండ్లకెల్లి గిదే లెక్క.”

నాకు ప్రతిదీ సరిచూడడం అలవాటు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, అరవై వరకు కొట్టమన్నాను. కొట్టాడు. అరవై ఒక్క సెకన్లు పట్టింది. మరోసారి అన్నాను. అరవై ఒకటే.

నా దగ్గరకు వచ్చిన ప్రతి అసలు ఫైలుకూ నకలు ఉంచుకుంటాను. నేను తయారుచేసిన సీడీ వేసి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తెర మీద మనిషి బొమ్మ అరచేయంత. వేళ్లు కనపడవు, చేయి కదలిక కనపడుతుంది. క్లాంపు తగిలించి వెనక్కి జరిగి నిలబడ్డాడు. కుడి చేయి తొడ మీద పడడం మొదలైంది. నేను దెబ్బలు లెక్కపెట్టాను. అరవై పూర్తయ్యేసరికి గడియారంలో ముప్పై సెకన్లు దాటి అర సెకను.

మళ్లీ వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. అంతే.

“గంత జల్దీ కొడ్తున్ననా?” అన్నాడు యాదయ్య, తెర వైపే చూస్తూ. “భయానికి కొట్టిన్నేమో సార్.”

నా పక్కన కూర్చున్న మనిషి చేయి ఒక వేగంతో కొట్టింది. తెర మీది మనిషి చేయి సరిగ్గా దానికి రెట్టింపు వేగంతో కొట్టింది. సుమారుగా కాదు, సరిగ్గా రెట్టింపు. భయం ఎవరి చేతినీ అంత ఖచ్చితంగా రెట్టింపు చేయదు.

వీడియో అంటే వరుసగా చూపించే నిశ్చల చిత్రాలే. ఒక్కో చిత్రాన్ని ఫ్రేము అంటారు. మన టీవీ పద్ధతిలో సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు. కానీ ఆ పెట్టెకు ఎనిమిది కెమెరాలు. సెకనుకు నూరు ఫ్రేములు మాత్రమే రాయగల పెట్టె వాటిని ఎనిమిదింటికీ పంచుతుంది. ఒక్కో కెమెరాకు పన్నెండున్నర. ఆ సంగతి ఫైలు పై భాగంలో, తయారీదారు సొంత గుర్తులలో రాసి ఉంటుంది. ఆ పై భాగాన్నే నేను కోసి పారేశాను. వేగం చెప్పని ఫైలు చేతికొస్తే మార్పిడి సాఫ్ట్‌వేర్ ఇరవై ఐదు అనుకొని సాగిపోతుంది. నేనూ సాగిపోయాను.

కాగితం తీసుకొని లెక్క వేశాను. రెండు నిమిషాల ముప్పై ఆరు సెకన్లంటే నూట యాభై ఆరు సెకన్లు. ఇరవై ఐదుతో హెచ్చిస్తే మూడు వేల తొమ్మిది వందల ఫ్రేములు. పన్నెండున్నరతో భాగిస్తే మూడు వందల పన్నెండు సెకన్లు. ఐదు నిమిషాల పన్నెండు సెకన్లు.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఇలాంటి కెమెరాలు బొమ్మ అడుగున తేదీ, సమయం ముద్రిస్తాయి. మరి ఈ సీడీలో అవేవి? ఎన్‌క్వయిరీలో కూర్చున్నవారు చేతి గడియారం పట్టుకొని ఎందుకు లెక్కపెట్టాల్సి వచ్చింది?

దానికి జవాబు నా పెళ్లి వీడియోల్లో ఉంది. 1994లో కర్దనూరులో ఒక పెళ్లి తీశాను. క్యాసెట్టులో మూలన సమయం పడింది. జీలకర్ర బెల్లం పెట్టింది ముహూర్తం దాటిన తొమ్మిది నిమిషాలకని మగపెళ్లివారు ఆ క్యాసెట్టు చూసి కనిపెట్టారు. పురోహితుడు, ఆడపెళ్లివారు, చివరికి నేను, అందరం తిట్లు తిన్నాం. ఆ తర్వాత ఈ ప్రాంతంలో వీడియో తీసే మేమందరం బొమ్మలో గడియారం కనపడనిచ్చేవాళ్లం కాదు. ఎక్కడైనా పడితే, కింది అంచు కోసేసి నల్లపట్టీ వేసేవాళ్లం. నా మార్పిడి సాఫ్ట్‌వేరులో ఆ ఏర్పాటు శాశ్వతంగా ఉంచుకున్నాను. ఫ్యాక్టరీ ఫైలుకు కూడా అదే పడింది. జులై 26న పని చేస్తున్నప్పుడు ఆ అంకెలను నేను చూశాను కూడా. అడ్డంగా ఉన్నాయని, నల్లపట్టీ చక్కగా పడిందని సంతోషించాను.

నల్లపట్టీ తీసేసి, వేగం సరిచేసి, అసలు ఫైలును మళ్లీ మార్చాను. అడుగున అంకెలు వచ్చాయి. యాదయ్య క్లాంపు తగిలించి చేయి వదిలినప్పుడు 11:42:05. వాల్వు మీద చేయి వేసినప్పుడు 11:47:17.

“యాదయ్యా,” అన్నాను. “మీరు ఐదు నిమిషాలు ఆగారు. ఐదు నిమిషాల పైన పన్నెండు సెకన్లు ఆగారు. తప్పు నాది. నేను చేసిన సీడీది.”

అతను నా వైపు కాదు, తెర వైపు చూశాడు. అందులో అతను ఉరకడం లేదు. మామూలు మనిషిలా నడుస్తున్నాడు.

“మల్ల ఒకపారి పెట్టుండ్రి,” అన్నాడు.

పెట్టాను. మూడుసార్లు చూశాడు. మూడోసారి అయ్యాక రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. అతను లేచి వెళ్లి, మెట్ల మీది చెప్పులు తొడుక్కున్నాడు.

మరునాడు, సెప్టెంబరు 4, రెండు సీడీలూ, నా పొరపాటును వివరిస్తూ సంతకం చేసిన రెండు పేజీల కాగితమూ తీసుకొని గడ్డపోతారం వెళ్లాను. పర్సనెల్ మేనేజరు కాగితం చదివి పక్కన పెట్టారు.

“ఫైలు క్లోజ్ అయిందండి. అతనే ఒప్పుకొని సంతకం పెట్టాడు. నేనేమీ బలవంతం చేయలేదు.”

“మీరు చేయలేదు. నా సీడీ చేసింది. ఒక్కసారి రెండూ పక్కపక్కన చూడండి.”

చూశారు. కొత్త సీడీలో అంకెలు ఐదు నిమిషాలు దాటుతుంటే ఆయన అప్పటిదాకా చేస్తున్న పెన్ను మూత తీయడం, పెట్టడం ఆపేశారు.

“‘తొందరపాటు’ అనే మాట నా రిపోర్టులో నాలుగు చోట్ల రాశాను,” అన్నారు నెమ్మదిగా. “ఉరకడం కళ్లారా చూశాను కదండీ.”

“మరి నిప్పు ఎలా పుట్టింది? ఆ క్లాంపు తీగను ఎవరైనా పరీక్షించారా?”

ఆయన చెప్పిన జవాబును అదే రోజు డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను: “వీడియో దొరికాక తీగ ఎవరు చూస్తారండి?”

ఆ మధ్యాహ్నమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచారు. నేను అక్కడే ఉన్నాను. తీగ పైతొడుగు మీద ఎక్కడా చీలిక లేదు. మీటరు పెడితే ముల్లు కదలలేదు. తొడుగు చీల్చి చూస్తే, కొక్కేనికి జానెడు దూరంలో రాగి పోగులన్నీ లోపలే తెగి ఉన్నాయి. ఐదు నిమిషాలు కాదు, ఐదు గంటలు ఆగినా ఆ విద్యుత్తు నేలలోకి దిగే దారి లేదు. అంతకంటే భయంకరమైన సంగతి ఎలక్ట్రీషియన్ నోట వచ్చింది.

“గీ తీగనే సార్ ఇయ్యాల పొద్దుగాల గూడ పెట్టిన్రు. రోజు గిదే పెడ్తున్రు.”

ప్రమాదం జరిగిన నలభై రెండు రోజుల తర్వాత కూడా అదే తీగతో అదే చోట మనుషులు డ్రమ్ములు నింపుతున్నారు. నా సీడీ ఒక మనిషి ఉద్యోగం తీసింది సరే. అన్ని రోజులూ మిగతా వారందరి మధ్య ఆ తెగిన తీగను భద్రంగా ఉంచింది కూడా అదే. మేనేజరు ఆ తీగను అక్కడికక్కడే తీయించారు.

సెప్టెంబరు 21న యాదయ్య తొలగింపు ఉత్తర్వు రద్దయింది.

సెప్టెంబరు 30, ఆదివారం, యాదయ్య మళ్లీ వచ్చాడు. వెంట భార్య సత్తెమ్మ, ఆమె తమ్ముడు మల్లేశు. మల్లేశుకు ఇరవై నాలుగేళ్లు. మోచేతుల నుంచి వేలికొసల దాకా చర్మం గులాబీ రంగులో బిగిసి ఉంది. వేళ్లు ముడుచుకోవడం లేదు.

“నౌకరి ఇచ్చిన్రు గాని, ఈమెకు నమ్మిక అయితలేదు సార్,” అన్నాడు యాదయ్య. “కంపెనీవోళ్లు మందిని సల్లవెట్టెటందుకు గట్లన్నరంటున్నది. జెర మీరే జూపియ్యుండ్రి.”

“నేనేమన్న చదువుకున్ననా, అంకెలు జూస్తే సమజయితానికి?” అంది సత్తెమ్మ, భర్త వైపు చూడకుండా. “మొన్న ఒక సీడీ, ఇయ్యాల ఒక సీడీ. దేన్ని నమ్మాలె?”

మల్లేశు అన్నాడు: “అక్కా, అంకెలొద్దు తియ్యి. బావ చెయ్యితోని లెక్కవెడ్తడు. నేను గూడ గట్లనే నేర్సుకున్న. సార్, పెట్టుండ్రి.”

సరిచేసిన దృశ్యాన్ని వేశాను. తెర మీద యాదయ్య చేయి తొడ మీద పడడం మొదలుకాగానే మల్లేశు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అతని లెక్కా తెర మీది చేయీ కలిసే నడిచాయి. అరవై అనగానే ఎడమ చేయి ఎత్తాడు, వేలు ముడుచుకోలేదు. పక్కనున్న సత్తెమ్మ ఒక్క క్షణం ఆ చేతిని చూసి, తన ఎడమ చేతి చిటికెన వేలు ముడిచింది.

మళ్లీ ఒకటి నుంచి. రెండో అరవైకి రెండో వేలు. యాదయ్య గోడకు ఆనుకొని నేల చూస్తున్నాడు. నాలుగో వేలు ముడిచేసరికి సత్తెమ్మ తెరకు దగ్గరగా జరిగింది. ఐదో అరవై పూర్తయింది. ఆమె బొటనవేలు ముడిచింది. తెర మీద యాదయ్య ఇంకా వాల్వు ముట్టుకోలేదు. అప్పుడు కదిలాడు, నిదానంగా.

నేను నిప్పు కనపడకముందే ఆపేశాను.

సత్తెమ్మ ముడిచిన పిడికిలి విప్పలేదు. “ఆగిండు,” అంది తమ్ముడితో. తర్వాత భర్త వైపు తిరిగి, చాలా రోజుల తర్వాత మొదటిసారి అనుకుంటాను, “నువ్వన్న జెప్పొద్దా, ఆగిన్నని?” అంది.

“జెప్పిన. మొదలు నీకే జెప్పిన. సీడీ జూసినంక నేనే నమ్మలే.”

వెళ్తూ వెళ్తూ యాదయ్య మెట్ల దగ్గర ఆగాడు. క్షమించమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

“మీ మీద కోపం లేదు సార్. మిషిన్ల పని, తప్పయితది. నాది నాకే పరేషాన్ అయితున్నది. పన్నెండేండ్లు ఈ చెయ్యి ఒక్క దినం లెక్క దప్పలే. టీవీల ఒక్కపారి సూడంగనే దీన్ని ఇడిశిపెట్టిన.”

ఆ ఏడాది మిగిలిన పది పనులనూ మళ్లీ తిరగేశాను. తొమ్మిదింటి వేగం సరిగానే ఉంది. పదో దాని యజమాని ఫైలును తన ఎదుటే చెరిపేయమని పట్టుబట్టాడు కనుక నకలు లేదు. దాని గురించి డైరీలో “తెలియదు” అని రాసి, తేదీ వేశాను.

ఈ వృత్తిలో తాళం తెరవడమే పని అనుకునేవాడిని. బొమ్మ కదిలితే పని అయిపోయినట్టే. ఇప్పుడు ప్రతి సీడీతోపాటు ఒక కాగితం ఇస్తున్నాను: ఫ్రేములు ఎన్ని, వేగం ఎంత, నేను దేన్ని కోశాను, దేన్ని కోయలేదు. అంతకంటే ముఖ్యమైన షరతు ఒకటి పెట్టాను. బొమ్మలో ఉన్న మనిషి నా ఎదుట కూర్చొని దాన్ని ఒకసారి చూడాలి, తన మాట చెప్పాలి. ఈ షరతు వల్ల నన్ను వదిలిపోయిన ఫ్యాక్టరీలు ఉన్నాయి. వచ్చిన మనుషులు మాత్రం తెర ముందు కూర్చోగానే దాదాపు అందరూ ఒకటే అంటారు, “అండ్ల ఉన్నట్టే అయ్యుంటది సార్” అని. అప్పుడు బొమ్మ ఆపేస్తాను. ముందు మీకు గుర్తున్నది చెప్పండి, బొమ్మ తర్వాత చూద్దాం అంటాను.